శాలువాతో పాటు పీట

ఏటి ఒడ్డు పల్లెలో విషజ్వరాలు ప్రబలినా వీధిబడి పిల్లలకు మాత్రం సోకలేదు. బడిలో రోజూ తాగే నీళ్ళు కాచి పోసే ఓబులమ్మ చలవేనని ఊరంతా మెచ్చుకుంటుంటే పంతులు భైరవయ్యకు కడుపు రగిలిపోయేది. చివరికి రాజుగారే శాలువాతో బడికి వచ్చారు.

"పిల్లల్ని ఇంత క్షేమంగా చూసుకుంటున్నదెవరు?"

ఓబులమ్మ నోరు విప్పేలోపే భైరవయ్య ముందుకు దూకాడు. "నేనే ప్రభూ! ఈవిడ నీళ్ళు కాస్తుందంతే. ఇక్కడ ఎవరికి చీమ కుట్టినా బాధ్యత నాదే."

"అయితే శాలువా అయ్యవారికే కప్పండి ప్రభూ," అంది ఓబులమ్మ. "కాకపోతే పిల్లలు కూర్చునే ఆ దూలం కింద కూర్చోబెట్టి కప్పండి."

భైరవయ్య పైకి చూశాడు. ఓ అడుగు వెనక్కి వేశాడు.

"ఏమయ్యా, వెళ్ళవేం?" అన్నారు రాజుగారు.

"దూలానికి చెదలు పట్టింది ప్రభూ... ఎప్పుడు కూలుతుందో తెలీదు. ఏడాదిగా వెతుకుతున్నా వడ్రంగి దొరకడంలేదు."

రాజుగారి ముఖం ఎర్రబడింది. ఓబులమ్మ చేతులు జోడించింది. "కోప్పడకండి ప్రభూ. వడ్రంగి దొరికేదాకా అయ్యవారి పీట అక్కడ వేయించండి. పిల్లలు ఆయన చోట కూర్చుంటారు."

రాజుగారు సరేనన్నారు. కొత్త శాలువా కప్పుకుని, భైరవయ్య బిక్కుబిక్కుమంటూ దూలం కింద కూర్చున్నాడు.

వడ్రంగి ఆ పూటే దొరికాడు.