కోట గుమ్మంలో వేలాడిన కొక్కెం

ఇందులో ఒక్క మాట అబద్ధమైతే నా మిగిలిన రెండు పళ్లూ ఇప్పుడే రాలిపోవాలి.

వెనకటికి బండి తోలే నూకాలు ఫిరంగిని లాగే ఇనుప కొక్కేన్ని కోటకు తెచ్చింది. దాని బరువుకి దారిలో రెండు ఊళ్లు కుంగిపోయాయి. అంతకుముందు ఏడు ఇలాంటిదాన్నే దించబోయి ఆమె మొగుడు నడుం విరిగి మంచాన పడ్డాడు.

కోట గుమ్మం దగ్గర, బండి వెనకే పల్లకిలో వచ్చిన సేనాపతి దళవాయి మీసం దువ్వాడు. "ఒక్కదానివే బండి మీంచి దింపు. ఎవడైనా చెయ్యి వేశాడో, నీ ఎడ్లు నావి!"

ఆ ఎడ్లే ఆ ఇంటికి అన్నం. నూకాలు కొక్కేన్ని చూసింది, తన నడుం తడుముకుంది, తలెత్తి గుమ్మం దూలాన్ని చూసింది. మోకు దూలం మీదుగా వేసి, రెండు కొసలూ కొక్కేనికి బిగించి కట్టింది. ముందుకు పోయి ఎడ్లను అదిలించింది. బండి కిందనుంచి జారిపోయింది, కొక్కెం గుమ్మం నడిమధ్య వేలాడింది. ఆ ఊపు గాలికి దళవాయి తలపాగా పక్క రాజ్యంలో పడింది.

"దాన్ని కిందికి దించవే! లోపల రాజుగారు నాకోసం చూస్తున్నారు!"

"బండి మీంచి దింపమన్నారు, దింపానయ్యా. దూలం మీంచి దించేటప్పుడు ఎవరూ చెయ్యి వేయకూడదని తమరు అనలేదు కదా."

పల్లకి పోయే దారి లేదు. దళవాయే దిగి, ఎనిమిదిమంది బోయీలతో కలిసి కొక్కేనికి భుజం పట్టాడు.

"మోకాళ్లు వంచి పట్టండి బాబయ్యా, నడుం జాగ్రత్త!" అంది నూకాలు, ఎడ్లకు గడ్డి వేస్తూ.

నవ్వింది చాలుగానీ పిల్లా, వెళ్లి అటక మీది ఆవకాయ జాడీ దించుకురా. ఒక్కదానివే ఎత్తకు, మీ అక్కను పిలు.