మొదటి రాజు

మా నాగభూషణం మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. హార్మోనియం మూతేసి, అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. తెనాలిలో ఆయన దగ్గర పద్యం నేర్చుకున్నవాళ్ళందరికీ ఇది అనుభవమే. ఒకప్పుడు ఆయన ట్రూపులో రాణి వేషాలు కట్టి, ఇప్పుడు అదే ట్రూపులో ఆడవేషాలకి చీరలు కట్టిపెడుతున్న నాకైతే మరీను.

ఆ ఆదివారం పొద్దున అడిగినవాడు, మాస్టారి దగ్గర పద్యం నేర్చుకుంటున్న పూర్ణచంద్రం. ఊరిబయట పంపుసెట్ల కంపెనీలో స్టోర్స్ అంతా అతని చేతిమీదే నడుస్తుంది. మీసం నల్లగా ఉన్నప్పుడు చేరాడు, ఇప్పుడది సగం నెరిసింది. ఫోనెత్తితే 'హలో' అనడు, 'స్టోర్స్ పూర్ణచంద్రం' అంటాడు. శుభలేఖల మీద కూడా జనం అలాగే రాస్తారు. "రేపు స్టేజెక్కినా పద్యానికి ముందు స్టోర్స్ అంటావేమోనయ్యా" అని నేను ఏడిపిస్తే నవ్వేసేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు మాస్టారూ. తమంతట తాము వెళ్ళిపోతామని రాసిచ్చినవాళ్ళకి పెద్ద మొత్తం ఇస్తారట. ఇష్టం లేకపోతే ఉండొచ్చట. ఉన్నాక తర్వాతి విడతలో పేరొస్తే మాత్రం ఆ డబ్బు రాదు. రేపు సాయంత్రం లోపల ఏదో ఒకటి చెప్పాలి."

"పొమ్మనలేక పొగబెట్టడమన్నమాట" అన్నాను. నాకు నోరాగదు.

"అంతేనక్కా. మా ఆవిడ తీసుకోమంటోంది. పిల్ల చదువు ఇంకా ఉందిగా, ఆ వచ్చేది కూడా పోతే ఏం చేస్తామంటోంది. నిజమే. కానీ పెన్ను పట్టుకుంటే చెయ్యాడటం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాస్టారూ, మీరు పెట్టమంటే సంతకం పెడతాను, మానమంటే మానేస్తాను."

మాస్టారు హార్మోనియం మూతేశారు. "మధ్యాహ్నం నాటక పరిషత్తులో మన నాటకం ఉందిగా. మేకప్ గదిలో రంగు తుడిచే మనిషి ఇవాళ రాలేదు. నువ్వొచ్చి మన రాజు వేషం బసివిరెడ్డి గారి ముఖం తుడిచిపెట్టు" అని కొబ్బరినూనె సీసా, ఒక పాత పంచెగుడ్డ అతని చేతిలో పెట్టారు. పూర్ణచంద్రం ముఖం చిన్నబోయింది. ప్రాణం మీదికొచ్చిన మాట అడిగితే ఈయన గుడ్డముక్క ఇచ్చాడేమిటని నాకూ కాస్త కోపమొచ్చింది.

పద్యనాటకాలు చూడనివాళ్ళకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్ద నాటకంలో రాజు వేషం చివరిదాకా ఒక్కరే మోయడం కష్టం. ముందు సగం ఒకరు, వెనక సగం ఇంకొకరు కడతారు. మొదటి రాజు, రెండో రాజు అంటాం. జనానికి అదేం ఎబ్బెట్టుగా ఉండదు. బసివిరెడ్డి గారు మాత్రం నేనెరిగినప్పటి నుంచీ నాటకమంతా ఒక్కరే మోసేవారు. ఈ ఏడు ఆయన గొంతు జీరబోతోందని పరిషత్తువాళ్ళు ఇంటికెళ్ళి, "సగమే కట్టండి, పారితోషికం మొత్తం ఇస్తాం, శాలువా కప్పుతాం, బలవంతమేం లేదు, మీ ఇష్టం" అన్నారు. ఆయన సరేనన్నారు. రంగు వేయించుకుంటూ, "నా అంతట నేనే ఒప్పుకున్నానమ్మా" అని నాతో చెప్పారు. కిరీటం పెట్టుకుంటూ మళ్ళీ అదే చెప్పారు. నేను అడగనే లేదు.

ఆ మధ్యాహ్నం ఎంత బాగా పాడారో! గొంతులో జీర ఉందంటే ఉంది, కానీ ఆ జీరకే హాలు హాలంతా లేచి నిలబడింది. వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడారు. తర్వాత తెర పక్కకి వచ్చి కిరీటం తీశారు. మా ట్రూపుకి కిరీటం ఒకటే. చెమటతో తడిసిన ఆ కిరీటాన్ని ఆయనే తన చేత్తో రెండో రాజు యశ్వంత్ తలమీద పెట్టారు. ఆ కుర్రాడు కాళ్ళకి దణ్ణం పెట్టి స్టేజి మీదికి వెళ్ళిపోయాడు.

బసివిరెడ్డి గారు మేకప్ గదిలో అద్దం ముందు కూర్చున్నారు. నేను మూలన చీరలు మడతపెడుతున్నాను. పూర్ణచంద్రం గుడ్డ నూనెలో తడిపి దగ్గరికెళ్ళాడు.

"తుడిచేయమంటారా అండీ?"

"కాసేపుండు బాబూ. కుర్రాడి గొంతు పట్టేసిందనుకో, మళ్ళీ నన్నే పిలుస్తారు. అప్పటికప్పుడు రంగెవరేస్తారు?"

పూర్ణచంద్రం నిలబడ్డాడు. తెరవెనక నుంచి యశ్వంత్ పద్యం వినపడుతోంది. పద్యం పద్యానికీ ఈయన పెదాలు కదులుతున్నాయి. కుర్రాడు రాగం తీస్తుంటే ఈయన ఊపిరి బిగబట్టి, వాడు దించాకే వదులుతున్నారు. హాల్లో మళ్ళీ వన్స్‌మోర్ అన్నారు. ఈసారి కుర్రాడికి.

"బాగా పాడుతున్నాడు" అన్నారు బసివిరెడ్డి గారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుంటే రంగు చెదిరిపోతుందని అలాగే వదిలేశారు. నేను మడతపెడుతున్న చీర మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

కాసేపటికి ఆయనే, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు, "నువ్వేం చేస్తుంటావు బాబూ?" అని అడిగారు.

పూర్ణచంద్రం నోరు తెరిచాడు. 'స్టో' అనబోయి ఆగిపోయాడు. ఆ ఒక్క మాట తప్ప తన గురించి చెప్పుకోడానికి ఆ మనిషి దగ్గర ఇంకో మాట లేదు. పెద్దాయన అద్దంలోంచి అతన్ని చూసి, మరి అడగలేదు.

మంగళం పాడారు. తెర పడింది. జనమంతా స్టేజెక్కి రెండో రాజు పక్కన ఫోటోలు దిగుతున్నారు. బసివిరెడ్డి గారిని ఎవరూ పిలవలేదు. ఆయన వేషం విప్పి చొక్కా తొడుక్కున్నారు, నాటకానికి ముందు కప్పిన శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నారు. పూర్ణచంద్రం గుడ్డ పట్టుకుని ఎదురెళ్ళి, "ఇప్పుడైనా అండీ" అన్నాడు.

"ఇంటికెళ్ళి కడుక్కుంటాలే నాయనా."

నెత్తిమీంచి తువ్వాలు కప్పుకుని, ముఖాన రాజుగారి రంగు అలాగే ఉండగా, ఆయన బస్టాండువైపు నడిచిపోయారు. రోడ్డు మీద ఎవరో నవ్వారు కూడా. పూర్ణచంద్రం వాకిట్లో నిలబడి, ఆయన మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ తర్వాత మాస్టారి దగ్గరికొచ్చాడు. నూనె సీసా దాదాపు నిండుగానే ఉంది.

"తుడవనివ్వలేదు మాస్టారూ. అలాగే వెళ్ళిపోయారు."

పూర్ణచంద్రం సీసా బల్లమీద పెట్టబోయి ఆగాడు. "మరి నా సంగతి? రేపు సాయంత్రం..." అన్నాడు. ఆ మాటలో పొద్దుటి గాభరా లేదు, ఏడుపే మిగిలింది.

మాస్టారు అతని చేతిలోని సీసాకి మూత బిగించి, మళ్ళీ అతని చేతిలోనే ఉంచారు.

"రేపు ఏ మాటైనా చెప్పు నాయనా. ఎప్పుడో ఒకప్పుడు ఎవరి రంగు వాళ్ళు తుడుచుకోవాలిగా, ఇది మాత్రం నీ దగ్గరే ఉండనీ."