చిల్లుల ఆకు

నరసరావుపేటలో పురుగుమందుల దుకాణం నడిపే అంకమరావుకి ఎదుటివాళ్లు చెప్పేది వినకముందే తీర్పు చెప్పేసే అలవాటు ఉండేది. రైతు సంచిలోంచి ఆకు తీసేలోపే, "నువ్వేం చెప్పక్కర్లేదయ్యా, నాకు తెలుసు" అని సీసా చేతిలో పెట్టేవాడు. ఆ రైతు నోరు తెరవబోతే, "దుకాణం నీదా, నాదా?" అని కసురుకునేవాడు. ఇలాంటి పెద్దమనుషులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన భార్య హైమావతి ముందుగదిలో కిటికీ పక్కన కుండీలో మాన్‌స్టెరా అనే వెడల్పాటి ఆకుల అలంకార మొక్కను పెంచేది. ఆమె తల్లి చనిపోయే ముందు తన మొక్క నుంచి ఒక ముక్క కోసి ఇచ్చింది. "ఇప్పుడు ఆకులు మామూలుగానే వస్తాయే. బాగా చూసుకుంటే ఒకనాటికి చిల్లులతో ఆకు వేస్తుంది. అప్పుడు మొక్క ఎదిగిందని లెక్క" అని చెప్పింది.

హైమావతి ఆ మాట మరచిపోలేదు. ఎండ నేరుగా తగలకుండా పరదా వేసేది. మట్టిలో వేలు పెట్టి చూసి, పైన ఆరితేనే నీళ్లు పోసేది. తడిగుడ్డతో ఆకుల మీద దుమ్ము తుడిచేది. రెండేళ్లుగా పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి, చిల్లుల ఆకు వచ్చిందేమోనని చూసుకునేది. ఈ సంగతి భర్తకి ఎన్నిసార్లు చెప్పినా, ఆయన ఊఁ కొడుతూ ఫోన్ చూసుకునేవాడు.

ఒకసారి ఆమె బాపట్లలో పెళ్లికి వెళ్లింది. వెళుతూ, చాపలా చుట్టుకుని ఉన్న లేత ఆకును చూపించి, "కొత్త ఆకు విచ్చుకోబోతోందండీ, దాని జోలికి వెళ్లకండి" అంది.

"సరే, సరే" అన్నాడు అంకమరావు, తలెత్తకుండానే.

ఆమె తిరిగి వచ్చేలోపే ఆకు విచ్చుకుంది. దాని నిండా చిల్లులు!

"పురుగా? నా ఇంట్లోనే పురుగా?" అని అంకమరావు మండిపడ్డాడు. కత్తెర తెచ్చి ఆ ఆకు కోసేశాడు. దుకాణంలో అన్నిటికన్నా ఘాటైన మందు తెచ్చి, ఉండాల్సిన మోతాదుకు రెట్టింపు కలిపి ఆకుల మీద కొట్టాడు. మిగిలింది మొక్క మొదట్లో పోశాడు. భార్యకి ఒక్క ఫోన్ చేద్దామని అనుకుంటే ఒట్టు!

హైమావతి తలుపు తీయగానే మందు వాసన గుప్పుమంది. మొక్క ఆకులన్నీ మాడి వేలాడుతున్నాయి. అంకమరావు కోసిన ఆకును గర్వంగా చూపించి, "సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది. పురుగు ఎలా తినేసిందో చూడు!" అన్నాడు.

ఆమె ఆకు అందుకుంది.

"పురుగు తింటే చిల్లు అంచులు చిరిగి ఉంటాయి. ఇవి ఎంత నున్నగా ఉన్నాయో చూడండి! పురుగుమందులు అమ్మే మీకు ఈ మాత్రం తెలియదా? నేను రెండేళ్లు ఎదురుచూసింది ఈ ఆకు కోసమే!" అని అరిచింది.

అంకమరావు తెల్లబోయాడు. "పోనీలే, రేపు నర్సరీ నుంచి ఇంకోటి తెస్తాను" అన్నాడు.

"మా అమ్మను కూడా తెస్తారా నర్సరీ నుంచి?"

హైమావతి మట్టి మార్చింది, మొక్క వేళ్లు కడిగింది. అయినా కాండం మెత్తబడి కుళ్లిపోయింది. అప్పుడామె ఖాళీ కుండీని తీసుకెళ్లి దుకాణం బల్ల మీద దబ్బున పెట్టింది.

"ఇది ఇక్కడే ఉంటుంది. ఎవరైనా ఆకు తెస్తే ముందు దీన్ని చూడండి. తర్వాత నోరు తెరవండి" అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

కాసేపటికి ఒక రైతు పసుపెక్కిన మిరప ఆకుతో వచ్చాడు. అంకమరావు చెయ్యి అలవాటుగా సీసా మీదికి వెళ్లింది. కుండీ కనబడి ఆగింది.

"ఏమైందో చెప్పవయ్యా" అన్నాడు నెమ్మదిగా.

రైతు ఆశ్చర్యంగా చూశాడు. "చేలో నీళ్లు నిలిచాయండీ, అందుకే ఇట్టా అయింది. కాలువ తీస్తే సరిపోద్ది, మందొద్దు. పోయినసారి కూడా ఇదే చెప్పబోయా. మీరు చెప్పనిస్తేగా!"

అంకమరావు తల దించుకున్నాడు. బుద్ధి వచ్చింది, మంచిదే. మొక్క మాత్రం రాలేదు.

నీతి: అడిగి తెలుసుకోకుండా తీర్పు చెప్పేవాడు మంచిని కూడా తెగులనుకుని చంపుతాడు, ఆ తర్వాత ఎంత బుద్ధి వచ్చినా పోయింది తిరిగి రాదు.