ప్రద్యుమ్న వేసిన అతుకు

మంగతాయారమ్మ గారికి గాలి పోవడం లేదు. దాంతో డాక్టర్ ప్రద్యుమ్నకి అన్నం సహించడం లేదు.

నవ్వకండి. పొట్ట కోసి పేగు అతికిన డాక్టరుకి ఆ కబురు కంటే తీపి కబురు లోకంలో ఇంకొకటి ఉండదు. గాలి పోయిందంటే పేగు కదులుతోందనీ, కింది దాకా దారి బాగుందనీ అర్థం. పోలేదంటే అతుకు దగ్గర ఏదో తేడా వచ్చిందేమోనని గుండెల్లో రాయి పడుతుంది. అందులోనూ అది ప్రద్యుమ్న సొంత చేత్తో వేసిన మొట్టమొదటి అతుకు.

సొంత చేత్తో అనకూడదేమో. స్టేప్లర్‌తో.

మంగతాయారమ్మ గారి పెద్దపేగులో గడ్డ ఉన్న ముక్కని తీసేశాక మిగిలిన రెండు కొసల్నీ కలపాలి. పై కొసలో చిన్న గొడుగులాంటి ముక్కని పెట్టి, కింది నుంచి స్టేప్లర్‌ని పోనిచ్చి, రెండూ టక్కుమని కలిసేలా బిగించి, పిడి నొక్కాడు. అంతే. గుండ్రంగా పిన్నులు పడ్డాయి, మధ్యలో దారి తెరుచుకుంది. స్టేప్లర్‌తో పాటు దాని బ్లేడు కోయగా బయటికొచ్చిన రెండు పేగు చుట్టలూ ఎక్కడా తెగకుండా, బుల్లి గారెల్లా నిండుగా ఉన్నాయి, అంటే అతుకు చుట్టూ సరిగ్గా పడినట్టే. పొట్టలో నీళ్ళు పోసి, కింది నుంచి గాలి కొట్టి, సైకిల్ ట్యూబుకి పంచరు చూసినట్టు చూశారు. ఒక్క బుడగ రాలేదు.

ఆ సాయంత్రం క్యాంటీన్లో ప్రద్యుమ్నని పట్టడం ఎవరి వల్లా కాలేదు.

"చేత్తో పేగు కుట్టడం అంటే ఇంక బొంతలు కుట్టుకోవడమే! మా హైమవతి మేడమ్ వాళ్ళు కుట్టారంటే, పాపం, అప్పట్లో ఇవి లేక," అంటూ రెండు మిరపకాయ బజ్జీల్ని కొసకి కొస ఆనించి హౌస్ సర్జన్లకి అతుకు చూపించాడు.

వెనక బల్ల దగ్గర హైమవతి మేడమ్ టీ తాగుతోందన్న సంగతి అతనికి తెలియదు. ప్రద్యుమ్నకి కత్తి పట్టుకోవడం నేర్పింది ఆవిడే. పైగా ఆ ఆపరేషన్ చేసిందీ ఆవిడే, అతుకు ఒక్కటే అతనికి వదిలింది. ఆవిడ కోప్పడలేదు. గ్లాసు పెట్టేసి, పక్కనుంచి వెళ్తూ, "శనగపిండి రాలుతోంది, చూసుకో," అంది.

అదీ అప్పటి సంబరం. ఇప్పుడు చూడండి మనవాడి అవస్థ.

రోజూ పొద్దున్నే రౌండ్స్‌లో మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "అమ్మా! గాలి పోయిందా?" అని అడుగుతాడు. వార్డు ఆ చివరికి వినపడుతుంది. వెనకాల హౌస్ సర్జన్ల గుంపు. అటూ ఇటూ మంచాల వాళ్ళు, వాళ్ళని చూడ్డానికొచ్చిన చుట్టాలు. మంగతాయారమ్మ గారు ఆడపిల్లల హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. పక్క మంచం పేషెంటుకి తోడున్నావిడ ఒకప్పుడు ఆవిడ క్లాసులో కూర్చున్నదే. హెడ్మిస్ట్రెస్ గారు గోడకేసి తిరిగి, "లేదు," అంటుంది.

"అస్సలా?"

"చెప్తున్నాగా. లేదు."

అలా "లేదు" విన్నకొద్దీ ప్రద్యుమ్న మొహం పీక్కుపోయింది. చివరికి ఎక్స్-రే ఫిల్ము చంకలో పెట్టుకుని హైమవతి మేడమ్ గదికి పరుగెత్తాడు.

"మేడమ్, మళ్ళీ పొట్ట తెరుద్దాం. అతుకు ఊడిందేమోనని భయంగా ఉంది."

"జ్వరం ఉందా?"

"లేదు మేడమ్."

"నాడి?"

"బాగానే ఉంది."

"నొక్కితే నొప్పి అంటోందా?"

"అనట్లేదు. కొంచెం ఉబ్బుగా ఉంది. కానీ గాలి పోలేదంటోంది మేడమ్! స్టేప్లర్‌లోనే ఏదో లోపం ఉండుంటుంది. ఇవాళే తెరిస్తే మంచిది. ఆలస్యమై ఆవిడకేమైనా అయితే..." అంటూ ఫిల్ముని వెలుతురుకి ఎత్తి పట్టాడు.

మేడమ్ ఎక్స్-రే చూసింది. అతని మొహమూ చూసింది. "ఎవరడిగారు ఆవిణ్ణి?"

"నేనే. రోజూ రౌండ్స్‌లో."

"పద," అంటూ కుర్చీలోంచి లేచింది.

వార్డులో మంగతాయారమ్మ గారు పడుకుని పైకప్పు కేసి చూస్తోంది. ఇద్దరు డాక్టర్లు కలిసి రావడం చూసి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. మేడమ్ ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసి, స్టెతస్కోపు పెట్టి కాసేపు విన్నది. ఏమీ అడగలేదు. ప్రద్యుమ్నని మంచం కాళ్ళ దగ్గర, అతను రోజూ నిలబడే చోటే నిలబెట్టింది. హౌస్ సర్జన్లనందర్నీ చుట్టూ చేరమంది.

"డాక్టర్ ప్రద్యుమ్నా!"

గుమ్మం దగ్గర ఫ్లాస్కు కడుక్కుంటున్నాయన కూడా తిరిగి చూశాడు.

"పొద్దుట్నించీ నీకు గాలి పోయిందా?"

ప్రద్యుమ్న తను విన్నది తప్పేమో అనుకున్నాడు. "మేడమ్?"

"గాలయ్యా, గాలి. పోయిందా, లేదా?"

హౌస్ సర్జన్ అమ్మాయిలు నేలకేసి చూస్తున్నారు. వాళ్ళ భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ల... లేదు మేడమ్."

"నిన్న?"

"లేదు మేడమ్."

"మొన్న?"

"లేదు మేడమ్!" చెవులు కందిపోయాయి పాపం.

మేడమ్ నర్సు సలోమి వైపు తిరిగింది. "సిస్టర్, థియేటర్‌కి ఫోన్ చేయండి. ఈ అబ్బాయి పేగులో ఏదో తేడా ఉంది. పొట్ట కోసి చూద్దాం."

ముందు సిస్టరే నవ్వింది. తర్వాత అమ్మాయిలు, ఆ తర్వాత అటు మంచం, ఇటు మంచం, ఫ్లాస్కు ఆయన. మంగతాయారమ్మ గారు నవ్వు ఆపుకుందామని తలగడ తీసి పొట్టకి అదుముకుంది, కుట్లు లాగుతాయని. ఆపుకోలేకపోయింది. భళ్ళున నవ్వేసింది.

ఆ నవ్వుతో పాటు, ఖాళీ క్లాసులో ఎవరో పొడుగాటి బెంచీ జరిపినట్టు, ఓ చప్పుడు.

వార్డంతా ఠక్కున ఆగింది.

"పోయింది!" ప్రద్యుమ్న గంతేశాడు. చంకలోని ఎక్స్-రే ఎగిరి ఎక్కడో పడింది. "పోయింది మేడమ్! సిస్టర్, విన్నారా? పోయింది!"

"ఎందుకయ్యా అలా అరుస్తావు, ఊరంతా వినేట్టు!" అంది మంగతాయారమ్మ గారు, కళ్ళు తుడుచుకుంటూ. "నిన్న సాయంత్రం నుంచీ పోతూనే ఉంది. వీలైనంత వరకూ బిగబట్టుకుంటున్నాను."

"మరి అడిగితే లేదన్నారేంటమ్మా!"

"నువ్వు మాత్రం ఇందాక ఏమన్నావు?"

ప్రద్యుమ్న వంగి మంచాల కింద ఎక్స్-రే కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"ఆవిడకి ముందు మంచినీళ్ళివ్వండి," అంది మేడమ్ సిస్టర్‌తో. "పడితే, కాసేపాగి పల్చగా కాఫీ."

"పల్చగా ఎందుకూ?" అంది హెడ్మిస్ట్రెస్ గారు. ఇన్నాళ్ళకి ఆవిడ గొంతులో ఖంగుమనే అసలు శబ్దం పలికింది.

వరండాలోకి వచ్చాక ప్రద్యుమ్న మేడమ్ పక్కన తల దించుకుని నడిచాడు.

"మేడమ్, ఇవాళ నిజంగానే తెరిచేసి ఉంటే?"

"తెరిస్తే ఏముందీ? అతుకు అద్దంలా ఉండేది. చక్కగా వేశావు. చూసి మురిసిపోయి మళ్ళీ మూసేవాడివి."

ఆవిడ తన గదికి వెళ్ళిపోయింది. ప్రద్యుమ్న వెనక్కి తిరిగి వార్డులోకి వెళ్ళి, మూల దుమ్ము పట్టి ఉన్న తెరని కిర్రుకిర్రుమని తనే తోసుకొచ్చి తర్వాతి మంచం చుట్టూ నిలబెట్టాడు. స్టూలు లాక్కుని లోపల కూర్చున్నాడు.

హౌస్ సర్జన్లు చాలాసేపు తెర బయటే నిలబడ్డారు. వాళ్ళకి గుసగుసలు తప్ప ఒక్క ముక్కా వినపడలేదు.