వెంగమ్మ చేతికి అందని ఇరవై వేలు

తెలుగు సినిమాలన్నీ మద్రాసులో తయారయ్యే రోజుల్లో, కాగితంలో ఏముందో చూడకుండా సంతకం పెట్టే నీలవేణి అనే పేరుమోసిన నటి ఆ ఊళ్ళో ఉండేది. ఆమె డబ్బు వ్యవహారాలన్నీ మేనేజరు పానకాలరావు చూసేవాడు. నిర్మాతల దగ్గర పారితోషికం తీసుకునేది అతనే, బ్యాంకులో వేసేది అతనే, పన్నులు కట్టేది అతనే. షాటుకీ షాటుకీ మధ్య కాగితాల కట్ట పట్టుకొచ్చి, "ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టి చూపించేవాడు. నీలవేణి అద్దంలో బొట్టు సరిచూసుకుంటూనే సంతకాలు చేసేది. అతన్ని బాబాయిగారూ అని పిలిచేది. ఎవరైనా హెచ్చరిస్తే, "బాబాయిగారిని లెక్క అడిగితే ఆయన్ని దొంగ అన్నట్టే కదా!" అనేది.

ఒకరోజు షూటింగులో పెంచలయ్య అనే లైట్‌మాన్ పైనుంచి జారిపడి, ఆమె కళ్ళ ముందే చనిపోయాడు. నీలవేణి వెక్కివెక్కి ఏడ్చింది.

"బాబాయిగారూ, ఇతని భార్యకి వెంటనే ఇరవై వేలు ఇవ్వండి. పిల్లల చదువు ఖర్చు కూడా నాదే" అంది అందరి ముందూ.

పత్రికలు ఆమెను దేవత అని రాశాయి. నెల తిరక్కుండా పానకాలరావు వేలిముద్ర ఉన్న రసీదు తెచ్చాడు. నీలవేణి తల ఊపింది. అంతే, ఆ సంగతి మరిచిపోయింది.

రెండేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం స్టూడియో క్యాంటీన్ వెనక గిన్నెలు తోముతూ, ఆ రోజు శవం దగ్గర ఏడ్చిన పెంచలయ్య భార్య వెంగమ్మ కనిపించింది.

"వెంగమ్మా, నువ్విక్కడున్నావేం? పిల్లలు ఏం చదువుతున్నారు?" అని నీలవేణి ఆప్యాయంగా పలకరించింది.

వెంగమ్మ చేతిలోని గిన్నెను ఠపీమని కింద పెట్టింది.

"పెద్దోడు సైకిల్ షాపులో గాలి కొడుతున్నాడు. చిన్నది నాతోపాటే అంట్లు తోముతోంది. మా బతుకు ఎగతాళి చేయడానికి అడుగుతున్నారా తల్లీ?"

"అదేమిటి? నీకు ఇరవై వేలు పంపాను కదా!"

"రెండు వందలమ్మా! ఆ రెండు వందలు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకున్నాడు మీ మనిషి. మిగతాదేదని మీ గేటు దాకా నాలుగుసార్లు వచ్చాను. 'అమ్మగారు ఇవ్వనన్నారు, మళ్ళీ వస్తే పోలీసులకి పట్టిస్తా' అని తరిమేశాడు."

నీలవేణికి ముందు తల కొట్టేసినట్టయింది. తర్వాత ఒళ్ళు మండిపోయింది. మొహానికున్న రంగైనా కడుక్కోకుండా కారెక్కి ఇంటికి వెళ్ళింది.

"బాబాయిగారూ, బీరువా తాళాలు ఇవ్వండి" అంది.

పానకాలరావు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "పద్నాలుగేళ్ళు కుక్కలా కాపలా కాశానమ్మా! ఎవత్తో అంట్లు తోముకునేది చెబితే నన్ను అనుమానిస్తారా?"

"ఆ అంట్లు తోముకునే ఆవిడ నోటిదగ్గరి కూడు నా పేరు చెప్పి తిన్నారు. తాళాలు ఇటు పెట్టండి!"

ఆ బీరువాలోని ఒక్కొక్క కాగితమూ తీసి చదివింది. ఉంటున్న ఇల్లు తాకట్టులో ఉంది. ఆరేళ్ళుగా పన్ను కట్టలేదు. తన డబ్బుతో కొన్న మామిడితోట పానకాలరావు బావమరిది పేర ఉంది. అన్నిటి కిందా తన సంతకమే, అందంగా, గుండ్రంగా.

"కోర్టుకి వెళతాను" అంది నీలవేణి.

పానకాలరావు కన్నీళ్ళు తుడుచుకుని నవ్వాడు. "వెళ్ళండమ్మా. చదివే పెట్టారని మీ సంతకాలే సాక్ష్యం చెబుతాయి."

వాడి పొగరు చూశారా! ఉప్పు తిన్న ఇంటికే కన్నం వేసి, పైగా ఆ ఇంటి యజమానికే న్యాయం బోధించాడు. అయినా నీలవేణి వెనక్కి తగ్గలేదు. కేసు తొమ్మిదేళ్ళు నడిచింది. వెంగమ్మ కోర్టులో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. వేలిముద్ర మోసం రుజువై పానకాలరావు జైలుకు వెళ్ళాడు. కాని ఇల్లు పోయింది, తోట తిరిగి రాలేదు.

కేసు వేసిన వారంలోనే నీలవేణి తన వడ్డాణం అమ్మి, ఇరవై వేలు పట్టుకుని వెంగమ్మ గుడిసెకు స్వయంగా వెళ్ళింది. చిన్నపిల్లను బడిలో చేర్పించింది. పెద్దవాడు మాత్రం, "ఇంకేం చదువుతానమ్మా, వయసు దాటిపోయింది" అన్నాడు.

వెంగమ్మ డబ్బు తీసుకుని, "మీరు చెడ్డవారు కాదమ్మా. కాని ఆ రోజే మీరు మా గుమ్మం దాకా వచ్చి ఉంటే నా కొడుకు చదువుకునేవాడు" అంది.

ఎవరినైనా నమ్మవచ్చు, కాని కళ్ళు మూసుకుని నమ్మకూడదు; మన బాధ్యతను మనం చూసుకోకపోతే దొంగ బాగుపడతాడు, మనల్ని నమ్ముకున్న పేదవాళ్ళు మనకంటే ముందు నష్టపోతారు.