సింహాద్రి తాత చెవి మిషను, మూడు ఛార్జర్లు

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. అక్షరాలు మరిచిపోలేదు గానీ, నాలుగు మాటలు వరసగా పేర్చి కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మొన్న రాత్రి మా మనవరాలు జాహ్నవి బొమ్మ రైలు ఆగిపోయింది. అందులో ఛార్జింగు పెట్టుకునే సెల్లులు ఉంటాయి. ఛార్జరు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, సెల్లులు మాత్రం నిండటం లేదు. రైలు నడిస్తేనే పడుకుంటానని పిల్ల ఒకటే పేచీ. అప్పుడు దాన్ని పక్కలో వేసుకుని ఈ కథ చెప్పాను. మర్నాడు లేవగానే, "అమ్మమ్మా, ఇది రాసిపెట్టు. నువ్వు ఊరెళ్ళినప్పుడు అమ్మ చదువుతుంది" అంది. అందుకని నోటితో ఎలా చెప్పానో అలాగే రాస్తున్నాను.

అనగనగా కొబ్బరితోటల మధ్య ఒక ఊళ్ళో సింహాద్రి అనే తాత ఉండేవాడు. వయసులో ఉండగా ఎడ్లబండి తోలేవాడు. ఒంట్లో ఓపిక తగ్గాక ఎడ్లని అమ్మేసి, అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచుతో తాళ్ళు పేనేవాడు.

తాతకి పైడమ్మ అని ఒక కూతురు. పైడమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పనికి వెళ్ళేది. ఆమె భర్త లారీ నడుపుతూ ఎప్పుడూ ఊళ్ళ మీదే ఉండేవాడు. వాళ్ళకి బంగారి అని ఒక పాప. అప్పుడప్పుడే పాకుతోంది. పైడమ్మ పనికి వెళ్తే పాపని తాతే చూసుకునేవాడు. పాపకి తాత, తాతకి పాప. ఆ ఇంట్లో పగలంతా వాళ్ళిద్దరే.

అయితే తాతకి చెవులు సరిగా వినపడేవి కావు. ఒకసారి చెవుల డాక్టర్లు ఊరికి వచ్చి, చొక్కా జేబులో పెట్టుకునే మిషను ఒకటి ఇచ్చారు. దాని తీగ చెవిలో ఉంటుంది. పెన్సిలంత లావు సెల్లు ఒకటి వేస్తే పని చేస్తుంది. మళ్ళీ మళ్ళీ కొనే పని లేకుండా, ఛార్జింగు పెట్టుకునే సెల్లులు రెండు కూడా ఇచ్చారు. ఒకటి మిషన్లో, ఒకటి దాపులో. ఛార్జరు మాత్రం మీరే కొనుక్కోండి అన్నారు.

అప్పుడు తాత సెంటర్లో కామేశం కొట్టుకి వెళ్ళాడు. కామేశం ఏమేమో అడిగాడు. ఎలాంటిది కావాలి, సెల్లులు ఎన్ని, ఒక్కటి పెడతావా రెండూ పెడతావా అని. సెల్లులింకా ఖాళీవి, మిషను మొదలవలేదు కదా, తాతకి ఒక్క ముక్క వినపడలేదు. చెవిటివాడంటారని సిగ్గు. అందుకని ఎవరేమన్నా తల ఊపి "ఆ, ఆ" అనేవాడు. ఇప్పుడూ అలాగే అన్నాడు. కామేశం చేతికందిన ఛార్జరు ఇచ్చి పంపించాడు.

ఆ ఛార్జరులో రెండు సెల్లులూ కలిపి పెడితేనే లైటు వెలుగుతుంది. ఒక్కటి పెడితే వెలగదు. తాతకి అది చాలా నచ్చింది.

"చూశావేటే పైడమ్మా, దీనికీ జోడీ ఉండాలి. ఒక్కెద్దుకి కాడెలా కడతాం?" అన్నాడు.

అప్పటినుంచి ఏం చేసేవాడంటే, మిషన్లో సెల్లు అయిపోగానే, నిండుగా ఉన్న రెండో సెల్లుని తెచ్చి ఛార్జరులో దాని పక్కన పెట్టేవాడు. ఖాళీదానికి నిండుది తోడు. కొత్త కోడెకి పాత ఎద్దుని జత చేసి పని నేర్పించినట్టు, నిండుది ఖాళీదాన్ని లాక్కొస్తుందని ఆయన లెక్క. ఆ ఛార్జరుకేమో ఆగడం తెలీదు. సెల్లు నిండినా సరే, ఎర్ర లైటు వెలుగుతూనే ఉండేది. పొద్దున్న తీస్తే రెండూ అప్పుడే ఉడకబెట్టిన కోడిగుడ్లలా ఉండేవి.

అలా మాడి మాడి ఆ సెల్లుల్లో సత్తువ పోయింది. మొదట్లో రోజుల తరబడి వచ్చేవి, చివరికి మధ్యాహ్నానికే చప్పబడిపోయేవి.

ఒకరోజు తాత తాడు పేనుతున్నాడు. చెవిలో మిషను ఉంది గానీ అందులో ప్రాణం లేదు. ఆయనేమో పాప నిద్రపోతోందనే అనుకున్నాడు. చీర ఉయ్యాలలోకి చీమలు ఎక్కేశాయి. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. అన్నానికి ఇంటికొచ్చిన పైడమ్మ వీధి మలుపులోనే ఆ ఏడుపు విని పరుగెత్తుకొచ్చింది. పాప వీపంతా దద్దుర్లు.

పైడమ్మ అరవలేదు. కొబ్బరినూనె రాస్తూ నెమ్మదిగా అంది.

"ఇంకోసారి ఇలాగైతే పాపని మా అత్త దగ్గరికి పంపించేస్తాను నాన్నా."

ఆ మాట తాతకి వినపడలేదు. కానీ కూతురి పెదాలు చూశాడు. అర్థమైపోయింది. అత్తగారిది చాలా దూరం ఊరు. వెళ్తే పండక్కో పబ్బానికో గానీ పాప కనపడదు.

ఆ తర్వాత తాత ఒక ఉపాయం చేశాడు. తను పేనిన తాడు ఒకటి తీసి, ఒక కొస ఉయ్యాలకి, ఒక కొస కాలి బొటనవేలికి కట్టుకున్నాడు. పాప కదిలితే తెలుస్తుందని. జానూ, నవ్వకు, నిజంగానే కట్టుకున్నాడు. ఉయ్యాలన్నాక ఊగదా? ఊగినప్పుడల్లా వేలు లాగేది. తాత లేచి గెంతుకుంటూ వెళ్ళేవాడు. చూస్తే పాప హాయిగా నిద్రపోతూ ఉండేది. సాయంత్రానికి వేలు వంకాయలా వాచింది.

"తాళ్ళమ్మే మనిషివి, నిన్ను నువ్వే కట్టేసుకున్నావేటి?" అని పక్కింటి సూరమ్మ ఒకటే నవ్వు.

అప్పుడు తాత మళ్ళీ కామేశం దగ్గరికి వెళ్ళాడు. కొత్త సెల్లులు రెండు కొన్నాడు. కొత్త ఛార్జరు కూడా అడిగాడు. కామేశం ఒకటి తీసి చూపించాడు.

"ఇది గంటలో నింపేస్తుంది తాతా. కానీ సెల్లులు బాగా వేడెక్కుతాయి. ఇదీ రెండేసి చొప్పునే. నీకంత తొందర లేకపోతే ఇది వద్దు" అన్నాడు.

"ఆ, ఆ. అదే ఇయ్యి" అన్నాడు తాత.

కామేశం పాపం ఏం చేస్తాడు? ఇచ్చాడు.

గంటలో నిండుతుంటే తాతకి గొప్ప సంబరం. మళ్ళీ నిండుది ఒకటి, ఖాళీది ఒకటి జోడీ కట్టాడు. కొన్నాళ్ళకి అందులో ఒక సెల్లు పూర్తిగా చచ్చిపోయింది. మిగిలినదానికి జోడీ లేదు కదా. అందుకని గోడ గడియారంలో మామూలు సెల్లు పీకి దాని పక్కన పెట్టేశాడు. మామూలు సెల్లు ఛార్జింగు పెట్టేది కాదు. అది వేడికి ఉబ్బి, సొన కారి, ఛార్జరుని కూడా తినేసింది.

ఆ మధ్యాహ్నం చెవి మిషను మళ్ళీ మూగబోయింది. పాప కిందుగా కట్టిన ఉయ్యాలలోంచి జారి, పాక్కుంటూ వాకిలి దాటి రోడ్డు అంచుకి వెళ్ళిపోయింది. కొబ్బరికాయల ట్రాక్టరు వస్తోంది. అది హారన్ మీద హారన్ కొడుతోంది. ఊరంతటికీ వినపడింది, అరుగు మీద అటు వీపు తిప్పి కూర్చున్న తాతకి వినపడలేదు. సూరమ్మ పరుగెత్తి పాపని ఎత్తుకుంది.

పైడమ్మ ఇంటికొచ్చి, పాప గౌన్లూ ఉగ్గు గిన్నే ఒక గుడ్డలో మూటగట్టి మేకుకి తగిలించింది. "ఆదివారం అత్తొస్తుంది" అంది. అంతే అంది.

తాత ఆ మూటకేసి చూస్తూ అన్నం తినలేకపోయాడు.

మర్నాడు తాత పాపని చంకనేసుకుని మూడోసారి కామేశం కొట్టుకి వెళ్ళాడు. వెళ్ళి, బల్ల ముందు నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

"కామేశం, నువ్వు చెప్పింది నాకు వినపడదు. ఎప్పుడూ వినపడలేదు. గట్టిగా చెప్పు, నెమ్మదిగా చెప్పు."

కామేశం నోరు తెరిచాడు. "అదేటి తాతా! రెండుసార్లూ ఆ, ఆ అన్నావు కదా?" అని చెయ్యి ఆడిస్తూ అరిచాడు.

"అందరికీ అలాగే అంటాను" అన్నాడు తాత.

అప్పుడు కామేశం కొట్లో సెల్లు ఒకటి తీసి ముందు తాత మిషన్లో వేశాడు. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. జోడీ సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. విని తల పట్టుకున్నాడు.

"తాతా, నీ ఎడ్లకి కుడితి ఎలా పెట్టేవాడివి?"

"ఎలా పెడతాం? దేని తొట్టి దానిదే."

"రెండూ ఒకే తొట్టిలో తాగితే?"

"ఒకటి కడుపు పగిలేలా తాగుతుంది, రెండోది ఎండుతుంది. అయినా బండికి జోడీ కడతాం గానీ కుడితి దగ్గర జోడీ ఏటి..." అంటూనే తాత ఆగిపోయాడు. పాపకేసి చూశాడు. తన నెత్తి మీద తనే ఒకటి కొట్టుకున్నాడు.

కామేశం నవ్వి, ఇంకో ఛార్జరు తీసి బల్ల మీద పెట్టాడు. ఇందులో ఒక్కో సెల్లుకీ ఒక్కో లైటు ఉంది. ఒక్కటే పెట్టినా ఎక్కుతుంది, పక్కన తోడు అక్కర్లేదు. ఎక్కుతున్నంతసేపూ ఎర్రగా ఉంటుంది, నిండగానే పచ్చగా మారి దానంతటదే ఆగిపోతుంది. గంటలో నింపెయ్యాలనే ఆత్రం దీనికి లేదు. పూటంతా పడుతుంది గానీ సెల్లుని మాడ్చదు. మామూలు సెల్లు పొరపాటున పెడితే లైటు టపటపా కొట్టుకుంటుంది, తీసెయ్యమని. "అయినా నువ్వు పెట్టకు తాతా" అన్నాడు కామేశం. ఛార్జింగు పెట్టుకునే సెల్లు మీద ఆ మాట రాసే ఉంటుందని కూడా చూపించాడు.

ఈసారి తాత తల ఊపలేదు. "నిండగానే అదే ఆగిపోతుందా? మళ్ళీ చెప్పు" అన్నాడు. కామేశం మళ్ళీ చెప్పాడు.

ఆ తర్వాత తాత ఆ ఛార్జరు కొనుక్కుని ఇంటికొచ్చి, మిగిలిన ఖాళీ సెల్లు ఒక్కదాన్నే అందులో పెట్టాడు. దాని పక్క అర ఖాళీగా ఉంది. ఆయనకి చెయ్యి ఊరుకోలేదు, ఇంకొకటి పెడదామా అనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకి ఎర్ర లైటు పచ్చబడింది. ముట్టుకుని చూశాడు. గోరువెచ్చగా ఉందంతే.

ఆదివారం వచ్చింది. అత్తగారు కూడా వచ్చింది. వసారాలో కూర్చుని పైడమ్మతో మాట్లాడుతోంది. తాత అవతల అరుగు మీద, అందరికీ వీపు తిప్పి, పీచు పేనుతున్నాడు. లోపల ఉయ్యాలలో పాప నిద్రలో చిన్నగా మూలిగింది. ఏడుపు కాదు, మూలుగు. పైడమ్మకి వినపడలేదు. అత్తగారికీ వినపడలేదు.

తాత చేతిలో పీచు పడేసి లేచాడు. గబగబా లోపలికి వెళ్ళాడు. ఉయ్యాల చీర మడతలో పాప చెయ్యి ఇరుక్కుంది. విడిపించి, భుజాన వేసుకుని, జో కొడుతూ బయటికొచ్చాడు.

అత్తగారు ముక్కున వేలేసుకుంది. "మీ నాన్నకి చెవుడన్నావు కదే? నాకే చెవుడొచ్చిందేటి?" అంది.

పైడమ్మ లేచింది. మేకుకి ఉన్న మూట దించింది. ముడి విప్పింది. గౌన్లు ఒక్కొక్కటీ దులిపి మళ్ళీ దండెం మీద వేసింది. అత్తగారికి భోజనం పెట్టి సాయంత్రం బస్సెక్కించింది. అత్తగారు ఒక్కతే వెళ్ళింది.

కథ కంచి బస్సెక్కింది,
కంటి మీదికి కునుకొచ్చింది,
ఎర్ర దీపం పచ్చనైంది,
ఇంటి దీపం చిన్నదైంది,
మనమూ ఇల్లు చేరాం, ఇక పడుకో తల్లీ.

ఇదీ కథ. పిల్ల కథలో ఎక్కడ నిద్రపోయిందో నాకు తెలీదు గానీ, నేను మాత్రం తాత కామేశానికి చెప్పిన మాట దగ్గరే ఉండిపోయాను. నాకు చెవులు బాగానే వినపడతాయి. కానీ కొట్లోకి వెళ్తే నేనూ ఆ, ఆ అనే రకమే. ఏం అడిగితే ఏం నవ్వుతారో అని.

పొద్దున్నే పిల్లకి పాలు తాగించి, బొమ్మ రైలు సంచిలో వేసుకుని, మా వీధి చివర ఎలక్ట్రికల్ కొట్టుకి వెళ్ళాను. ఆ అబ్బాయి ఫోను చూసుకుంటూ ఒక ఛార్జరు తీసి బల్ల మీద పడేశాడు. "అందరూ ఇదే తీసుకెళ్తున్నారండి" అన్నాడు. నా తల అప్పటికే ఊగబోతోంది. ఆపుకున్నాను.

"ఒక్కో సెల్లుకీ వేరే లైటు ఉందా బాబూ? నిండగానే అదే ఆగిపోతుందా?" అని అడిగాను.

"ఏంటండీ? వినపడలేదు" అన్నాడు.

ఇంకాస్త గట్టిగా అడిగాను.