ఇందుజకి టీ

వకుళకి నాలుగు రోజులుగా ఒకటే దిగులు. కూతురికి ఏ టీ తీసుకెళ్ళాలి?

పద్నాలుగు మంది యాత్రికులు. వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన బౌద్ధ భిక్షువు విమలబోధి భంతే. నెల్లూరు నుంచి చెన్నై, చెన్నై నుంచి శ్రీలంక. అనురాధపురంలో బోధివృక్షం చూశారు. క్యాండీలో బుద్ధుడి దంతమందిరం చూశారు. వకుళా చూసింది, దణ్ణం పెట్టుకుంది. బస్సెక్కిందో లేదో, మళ్ళీ టీ దుకాణాల బోర్డులు చదవడం మొదలుపెట్టింది.

ఎక్కడ ఆపితే అక్కడ దిగింది. ఒకచోట డబ్బా బాగుంది, లోపలి ఆకు నచ్చలేదు. ఇంకోచోట ఆకు నచ్చింది, డబ్బా మీది ఏనుగు బొమ్మ చూస్తే పిల్లల బిస్కెట్ల డబ్బాలా ఉంది. అదీ వదిలేసింది.

"ఏమే వకుళా, టీ పొడి కొంటున్నావా, పెళ్ళికొడుకుని వెతుకుతున్నావా?" అంది పక్క సీటు నాంచారమ్మ. "నన్ను చూడు. మొదటి కొట్లోనే ఎనిమిది పొట్లాలు పడేశా. మా కోడలికి ఏదైనా ఒకటే. అరగంట మరగబెట్టి చంపేస్తుంది."

బస్సంతా నవ్వింది. వకుళా నవ్వింది. నవ్వి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నాంచారమ్మకి సంగతి తెలియదు. ముందు సీట్లో ఉన్న భంతేకి తెలుసు.

రెండేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం ఇందుజ చిన్న సూట్‌కేసు పట్టుకుని పుట్టింటికి వచ్చింది. "నేనక్కడ ఉండలేనమ్మా" అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. నడి ఎండాకాలం. పిల్ల మణికట్ల దాకా పొడుగు చేతుల కుర్తా వేసుకుంది. వకుళ అది చూసింది. ఎందుకని అడగలేదు. గుమ్మంలోంచి పక్కకి జరగనూ లేదు.

"అన్నం తిని సాయంత్రం బస్సుకి వెళ్ళిపో. అందరిళ్ళలో ఉండేదే. సర్దుకో" అంది.

ఇందుజ అన్నం తినలేదు. వెళ్ళిపోయింది. మొగుడి దగ్గరికీ పోలేదు. కనిగిరి అవతల ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరిందని మూడు నెలల తర్వాత ఎవరో చెప్పారు. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. కొన్నాళ్ళకి వకుళ కూడా చేయడం మానేసింది.

భంతే అప్పుడప్పుడు ఆ హాస్టల్ పిల్లలకి ధ్యానం నేర్పడానికి వెళ్తుంటారు. ఓసారి వచ్చి, "మీ అమ్మాయి నాకు టీ ఇచ్చిందమ్మా" అన్నారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పాలు తప్ప ఇంకేదీ ముట్టని పిల్ల. ఆ పిల్ల టీ పెడుతోందట. హాస్టల్లో చేరిందన్న మాట తర్వాత, కూతురి గురించి వకుళకి దొరికిన కబురు అదొక్కటే.

పోయిన నెల ఇందుజ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "దసరా సెలవులకి పిల్లలు ఊళ్ళకి వెళ్ళిపోతారు. రావాలనుంటే రా."

వకుళ దాన్ని ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు. శ్రీలంక నుంచి నేరుగా వస్తానని బదులు పెట్టి, విమానం దిగి ఇంటికి కూడా పోకుండా కనిగిరి వెళ్ళాలని టిక్కెట్టు తీసుకుంది. కానీ ఉత్త చేతుల్తో ఎలా వెళ్ళడం? తేయాకు దేశం నుంచి వెళ్తోంది. అన్నిటికన్నా మంచి టీ తీసుకెళ్ళి పిల్ల చేతిలో పెట్టాలి. నోటితో చెప్పలేనిదంతా ఆ డబ్బానే చెప్పాలి.

ఆఖరి రోజు పొద్దున టిఫిన్ల దగ్గర భంతే ముందు నిలబడింది.

"రేపు వెళ్ళిపోతున్నాం భంతే. మీరిక్కడ తొమ్మిదేళ్ళు చదువుకున్నారు కదా. మంచి టీ ఎలా ఎంచాలో మీరైనా చెప్పరూ?"

"నాకేం తెలుసమ్మా. ఎవరేది చేతిలో పెడితే అది తాగేవాణ్ణి" అన్నారాయన. "తెలిసినాయన ఒకరున్నారు. పద."

క్యాండీ బజారు వెనక సందులో ఉంది కందవనం గారి కొట్టు. బోర్డు రంగు వెలిసిపోయింది. జాఫ్నా తమిళుడు. నలభై ఏళ్ళుగా టీ రుచి చూడడమే ఆయన పని. వకుళ పదిహేనేళ్ళు మద్రాసులో కాపురం చేసింది కాబట్టి ఆయన మాట ఆమెకి తెలుస్తోంది, ఆమె మాట ఆయనకి తెలుస్తోంది.

"అన్నిటికన్నా మంచిది కావాలండీ. ధర ఎంతైనా సరే" అంది.

ఆయన సరేనని తలాడించి, బల్ల మీద ఆరు తెల్ల కప్పులు వరసగా పెట్టాడు. బంగారం తూచేంత చిన్న త్రాసులో ఆరు రకాల ఆకూ ఒకే ఎత్తు తూచి వేశాడు. మరుగుతున్న నీళ్ళు పోసి మూతలు పెట్టి, ఇసుక గడియారం తిరగేశాడు. ఇసుకంతా జారాక, చెంచాతో ఒక్కోటీ తీసుకుని వీధిలోకి వినపడేలా జుర్రుమని పీల్చి, పక్కనున్న ఇత్తడి పాత్రలో ఉమ్మేశాడు.

వకుళ కంగారుపడింది. "అయ్యో, బాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది. రోజుకి రెండొందల కప్పులు చూస్తానమ్మా. మింగుతూ కూర్చుంటే సాయంత్రానికి నన్ను మంచం మీద మోసుకెళ్ళాలి. మీరు మింగండి, పర్లేదు."

వకుళ ఒక్కో కప్పూ రుచి చూస్తూ వచ్చింది. నాలుగో కప్పు దగ్గర ఆగిపోయింది. లేత తేనె రంగు. నోట్లో పోసుకుంటే బరువే లేదు. మింగాక ఎక్కడో పూలు పూసినట్టు వాసన.

"ఇదే" అంది.

"మంచి నాలుక మీది. నువారా ఎలియా పై కొండల్లో మొగ్గలు మొగ్గలుగా చేత్తో గిల్లింది. నా కొట్లో దీన్ని మించింది లేదు."

వకుళ సంచిలోంచి పర్సు తీసింది. నాలుగు రోజుల తర్వాత ఆమె మనసు కాస్త కుదుటపడింది. కందవనం డబ్బా అందుకుంటూ, అలవాటు కొద్దీ అడిగాడు.

"ఏ ఊరికి వెళ్తుందమ్మా ఇది?"

"కనిగిరి. మా అమ్మాయికి."

"అక్కడ నీళ్ళెలా ఉంటాయి?"

"నీళ్ళా?" వకుళ భంతే వైపు చూసింది. "నేనెప్పుడూ వెళ్ళలేదండీ."

"బోరు నీళ్ళు" అన్నారు భంతే. "పిల్లలకి తాగడానికి డబ్బా నీళ్ళు కొంటారు. వార్డెనమ్మ టీకి మాత్రం బోరే. గిన్నెల అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది."

కందవనం డబ్బా మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. వెనక గదిలోకి వెళ్ళి ఒక నీళ్ళ క్యాను మోసుకొచ్చాడు.

"మా ఊరి నీళ్ళమ్మా ఇవి. జాఫ్నావి. అంతా సున్నపురాయి నేల. అక్కడి కొట్లకి నేను టీ పంపాలంటే అక్కడి నీళ్ళు తెప్పించుకుని, వాటితోనే రుచి చూసి పంపుతాను. ఈ కొండ నీళ్ళతో చూసి పంపితే, కందవనం మోసం చేశాడని తిట్టుకుంటారు. మీ నీళ్ళు అచ్చం ఇవే కాకపోవచ్చు. దగ్గరగా ఉంటాయి."

అదే ఆకు, అదే తూకం. నీళ్ళు మాత్రం జాఫ్నావి. ఇసుక జారాక మూత తీశాడు.

తేనె రంగు లేదు. బూడిద కలిపినట్టు మసకగా ఉంది. పైన సన్నని తెట్టు కట్టింది. వకుళ నోట్లో పోసుకుంది. పూలు లేవు.

"ఇది అదేనాండీ?"

"అదే."

ఆమె కప్పు బల్ల మీద పెట్టేసింది. తర్వాత గబగబా అంది. "అయితే ఈ నీళ్ళకి నిలబడేది చూడండి. దాంట్లో అన్నిటికన్నా ఖరీదైంది. మంచి డబ్బాలో పెట్టి..."

కందవనం అర మీదికి చెయ్యి చాపాడు. ఇంతలో మూలన స్టూలు మీద కూర్చున్న భంతే లేచారు.

భంతే ఎప్పుడూ తన చేత్తో ఏదీ తీసుకోరు. ఎవరైనా రెండు చేతులా అందిస్తేనే పుచ్చుకుంటారు. అది వాళ్ళ నియమం. పన్నెండేళ్ళుగా వకుళ ఆయనకి అన్నం అలాగే అందించింది, మంచినీళ్ళు అలాగే అందించింది. ఆయన ఇవాళ కందవనం వైపు చూశారు. కందవనం జాఫ్నా నీళ్ళ కెటిల్, ఒక ఖాళీ కప్పు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు. భంతే కప్పులో నీళ్ళు పోశారు. పోసి, ఆ కప్పు రెండు చేతులా వకుళకి అందించారు.

వకుళ కంగారుగా లేవబోయింది.

"కూర్చో" అన్నారు.

"ఇందులో పొడి వెయ్యలేదు భంతే."

"లేదు. తాగు."

తాగింది. వేడి నీళ్ళే. నాలుక మీద మందంగా కూర్చున్నాయి. సుద్దముక్క కొరికినట్టుంది. గొంతు దిగాక వెనక నుంచి చేదు వచ్చింది. పెదవులు ఆరిపోయి ఒకదానికొకటి అంటుకున్నాయి.

"ఇవేనా?" అంది మెల్లగా.

"అక్కడివి ఇంకొంచెం ఉప్పగా ఉంటాయి."

ఆమె కప్పు కింద పెట్టలేదు. ఇంకో గుక్క తాగింది. ఇంకోటి. ఎవరూ తొందరపెట్టలేదు. అడుగు దాకా తాగింది.

కందవనం గొంతు సవరించుకున్నాడు. "ఈ నీళ్ళకి దిగువ ప్రాంతం ఆకు నిలబడుతుందమ్మా. నల్లగా, గట్టిగా ఉంటుంది. అందులోనూ నాలుగైదు రకాలున్నాయి. అమ్మాయి పాలు పోస్తుందా? మరిగిస్తుందా, ఊరికే నానబెడుతుందా? తీపి ఎంత? పొద్దున తాగుతుందా, సాయంత్రమా? అది తెలిస్తే ఇట్టే తీసిస్తాను."

వకుళ మూలనున్న స్టూలు వైపు తిరిగింది.

"భంతే, మీరు తాగారు కదా. ఎలా పెడుతుంది?"

"నాకు పాలు లేకుండా ఇచ్చింది. తను ఎలా తాగుతుందో నన్నడుగుతావేంటమ్మా?"

ఆయన మళ్ళీ వెళ్ళి స్టూలు మీద కూర్చున్నారు.

వకుళ సంచిలోంచి ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఎత్తదు" అంది. ఎవరితో అందో తెలియదు. కాసేపయ్యాక ఇందుజ నంబరు నొక్కింది.

మోగుతోంది. మోగుతోంది. ఆమె తీసేయబోయింది.

"అమ్మా?"

వకుళ ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"అమ్మా, ఏమైంది? ఎక్కడున్నావు? ఒంట్లో బాలేదా? మాట్లాడవేంటి?"

"బాగానే ఉన్నానే. ఇందూ, నువ్వు టీ ఎలా తాగుతావు?"

"ఏంటి?"

"టీ. పాలు పోసుకుంటావా?"

"దీనికోసం శ్రీలంక నుంచి ఫోన్ చేశావా?"

"ఊఁ."

"నీకేమైనా పిచ్చా? ఏదో ఒకటి తెచ్చెయ్. లేకపోతే ఏమీ తేవద్దు. నాకేం కావాలి ఇప్పుడు?"

"అది కాదు. నువ్వు చెప్పు."

ఎక్కడో బకెట్టు కింద పెట్టిన చప్పుడు. తర్వాత ఇందుజ గొంతు. ఇందాకటంత గట్టిగా లేదు.

"ఈ నీళ్ళకి పాలు విరిగిపోతాయమ్మా. మొదటి నెలంతా విరగ్గొట్టుకున్నా. ఇక్కడ వంటామె చెప్పింది, పాలు మానెయ్ పాపా అని. బెల్లం వేసుకుంటా. రెండు గ్లాసులు. తెల్లారకముందే."

"అంత పొద్దున్నా?"

"నిద్ర పట్టదు."

వకుళ కళ్ళు మూసుకుంది.

"ఎందుకు పట్టదమ్మా?"

వకుళ సర్దుకుపోతుందిలే అనలేదు. డాక్టరుకి చూపించుకో అనలేదు.

"నీకు తీరికుందా ఇప్పుడు?" అంది ఇందుజ.

"ఉంది. చెప్పు."

ఆమె లేచి, ఫోన్ చెవికి రెండు చేతులా అదుముకుని, కొట్టు బయటి మెట్టు మీద కూర్చుంది. వీధిలో ఆటోలు పోతున్నాయి. ఆమె తల వంచుకుని వింటోంది. మధ్యమధ్య "ఊఁ" అంటోంది. ఒకసారి చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్ళీ "ఊఁ" అంది.

నాంచారమ్మ సందు మొదట్లోంచి చేతులు ఊపింది. "వకుళా, బస్సు వాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడే! ఆ టీ బేరం తెగిందా లేదా?" వకుళకి వినపడలేదు.

కందవనం చేతిలో గరిటె పట్టుకుని, తెరిచిన డబ్బాల ముందు అలాగే నిలబడ్డాడు. వేచి చూశాడు. చివరికి వంగి, గొంతు తగ్గించి భంతేని అడిగాడు.

"సామీ, ఏది కట్టమంటారు?"

భంతే మెట్టు వైపు చూశారు.

"ఆగండి" అన్నారు. "ఇంకా ఎంచుకుంటోంది."